ఇంట్లో కుర్చీ... ఘాట్‌రోడ్డు ఎక్కింది!

రెండు పాత వైపర్ మోటార్లు, ఒక ఆర్డుయినో బోర్డు, తుక్కు కొట్లో దొరికిన కారు సీటు... సరుకు ఇంతే. గేములో లారీ బ్రేకు కొడితే ఈ సీటు ముందుకు తూలుతుంది. మలుపు తిరిగితే పక్కకు వాలుతుంది. దీన్నే మోషన్ సిమ్యులేటర్ అంటారు. విజయవాడలో మా ఇంటి వరండాలో ఇలాంటిది ఒకటి తయారైంది. అదెలా పనిచేస్తుంది, ఎంత ఖర్చయింది, అన్నిటికన్నా ముఖ్యంగా దాని మీద మనిషిని కూర్చోబెట్టే ముందు ఏమేం చూసుకోవాలి... ఇదిగో ఆ కథంతా!

ఫోన్లో బస్ సిమ్యులేటర్ ఆడని కుర్రాళ్లు మన దగ్గర తక్కువే. ఇండోనేషియా వాళ్ల గేముకి మన ఆర్టీసీ రంగులు వేసుకుని మరీ నడిపేస్తుంటారు. ఇంటర్ చదివే మా తమ్ముడూ ఆ బాపతే. ఓరోజు ఫోను తీసుకెళ్లి నాన్న చేతిలో పెట్టాడు. నాన్న ఇరవై నాలుగేళ్లుగా ఆర్టీసీ డ్రైవరు. రెండు నిమిషాలు నడిపి తిరిగిచ్చేశారు. ‘‘బొమ్మ బాగుందిరా. కానీ బస్సు నడిచేది కళ్లతో కాదు, కూర్చున్న సీటుతో. బ్రేకు ఎంత పట్టిందో నడుముకి తెలియాలి. ఇందులో ఆ సీటేదీ?’’ అన్నారు.

నేను ఈసీఈ ఫైనలియర్. మైక్రోకంట్రోలర్లతో లైన్ ఫాలోయర్ రోబో, సెన్సర్ డస్ట్‌బిన్ లాంటివి అందరిలాగే చేశాను. నాన్న అడిగిన ‘సీటు’ మాత్రం వేరే లెక్క. రోబో గోడకు గుద్దుకుంటే మళ్లీ తీసి పెడతాం. దీని మీద మాత్రం మనిషి కూర్చుంటాడు. నా ప్రాజెక్టులో ఆ మనిషి మా తమ్ముడు. తెలిసింది కదా, ఎంత జాగ్రత్త కావాలో!

చెవిని నమ్మిస్తే చాలు

సిమ్యులేటర్ అనగానే సీటు అటూ ఇటూ ఎగిరెగిరి పడాలనుకుంటారు చాలామంది. అసలు కిటుకు అది కాదు. మనం కదులుతున్నామని శరీరానికి చెప్పే పరికరం లోపలి చెవిలో ఉంటుంది. అందులో ద్రవంతో నిండిన మూడు అర్ధచంద్రాకారపు గొట్టాలు తల తిరగడాన్ని పసిగడతాయి. వాటి పక్కనే సన్నని రాళ్లలాంటి రేణువులున్న మరో భాగం ఉంటుంది. అది వేగం పెరగడాన్ని, తగ్గడాన్ని, నేల ఎటుందనే సంగతిని కనిపెడుతుంది.

ఇక్కడే ఓ తమాషా ఉంది. బస్సు బ్రేకు కొట్టినప్పుడు ఆ రేణువులు ముందుకు జరుగుతాయి. మీ తల కాస్త ముందుకు వంచినా ముందుకే జరుగుతాయి. ఒక్క చెవినే అడిగితే ఈ రెండింటికీ తేడా చెప్పలేదు. ఎదురుగా తెరమీద రోడ్డు ఆగుతున్నట్టు కనబడుతూ, అదే క్షణంలో సీటు కొంచెం ముందుకు వంగితే మెదడు ‘బ్రేకు పడింది’ అనే అనుకుంటుంది. స్టేషన్లో పక్క రైలు కదిలితే మన రైలే కదిలినట్టు అనిపిస్తుంది చూడండి... కన్ను చేసే ఆ మోసానికి సీటు కూడా తోడైందన్నమాట.

ఎంత వంగాలి? మా సీటు ముందుకైనా, పక్కకైనా గరిష్ఠంగా 6 డిగ్రీలే వాలుతుంది. 6 డిగ్రీల వాలులో శరీర బరువులో దాదాపు పదో వంతు ఆ దిక్కుకి లాగుతుంది. నిజం కారు గట్టిగా బ్రేకు కొడితే పడే బలంలో ఇది ఎనిమిదో వంతు కూడా ఉండకపోవచ్చు. అయినా మొదటి కుదుపు సరైన క్షణంలో తగిలితే మిగతాది మెదడే పూరించుకుంటుంది. అందుకే ఈ పనిలో బలం కన్నా టైమింగ్ ముఖ్యం.

పీపాతో మొదలైంది

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1910 ప్రాంతంలో ఫ్రాన్సులో ఆంటోనెట్ విమానాలు నేర్పడానికి పీపా ముక్కల మీద కుర్చీ బిగించి, పైలట్‌ని కూర్చోబెట్టి, ఇద్దరు ముగ్గురు చేత్తో ఊపేవాళ్లు. ఊగుతున్నా నిలకడగా ఉంచడమే అభ్యాసం. మోటారూ లేదు, కరెంటూ లేదు.

తర్వాత అమెరికాలో ఎడ్విన్ లింక్ వచ్చాడు. వాళ్ల నాన్నది పియానోలు, ఆర్గన్లు తయారుచేసే ఫ్యాక్టరీ. మన హార్మోనియంలో గాలి కొట్టే తిత్తి ఉంటుంది కదా, అలాంటి తిత్తులతోనే 1929లో ఆయన ఊగే విమానం డబ్బా చేశాడు. మొదట్లో దాన్ని ఎక్కువగా వినోదాల పార్కులే కొన్నాయి. 1934లో అమెరికా సైన్యం తపాలా మోసే పనికి దిగి, చెడు వాతావరణంలో పైలట్లను పోగొట్టుకున్నాక ఆ డబ్బా విలువ తెలిసింది. అప్పుడు ఆరు కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి లక్షలాది పైలట్లు అందులోనే ఓనమాలు దిద్దారు.

ఇప్పుడు పైలట్ల శిక్షణలో కనబడే ఆరు కాళ్ల సిమ్యులేటర్‌కి ‘స్టీవార్ట్ ప్లాట్‌ఫామ్’ అని పేరు. 1965లో స్టీవార్ట్ దాని మీద పరిశోధన పత్రం రాశాడు. అంతకన్నా ముందే, 1954లో, డన్‌లప్ కంపెనీలో ఎరిక్ గాఫ్ టైర్లను పరీక్షించడానికి ఆరు కాళ్ల యంత్రం కట్టాడు. టైరు కోసం పుట్టిన యంత్రం విమానానికి పనికొచ్చింది!

ఆరు కాళ్లంటే ఆరు మోటార్లు, ఆరింతల లెక్కలు. నేను రెండింటితో సరిపెట్టుకున్నాను. ముందుకూ వెనక్కూ వంగడం, ఎడమకూ కుడికీ వాలడం... ఈ రెండూ వస్తే లారీకి, బస్సుకి చాలు.

ఆటోనగర్ సరుకు

విజయవాడలో ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. ఆటోనగర్‌లో బండికి సంబంధించి దొరకనిదంటూ ఉండదు. అక్కడే మా బాబాయికి వెల్డింగ్ షెడ్డుంది. పాత కారు సీటు, వ్యాను వైపర్ మోటార్లు, ప్రొపెల్లర్ షాఫ్టులోని క్రాస్ జాయింటు అన్నీ ఒక్క సాయంత్రంలో పోగయ్యాయి.

అద్దం తుడిచే మోటారు మనిషిని మోస్తుందా అని సందేహం రావచ్చు. అది మోయదు, వంచుతుంది అంతే. కావడి గుర్తుందా? రెండు వైపులా బరువు సమంగా ఉంటే భుజం మీద కావడిని వేలితో కూడా అటూ ఇటూ వంచొచ్చు. సీటు కూడా అంతే. మనిషి కూర్చున్నాక బరువు ఎక్కడ సమం అవుతుందో చూసి, సరిగ్గా ఆ చోటు కింద క్రాస్ జాయింటు బిగించాలి. మనిషి బరువంతా ఆ జాయింటు మీదే పడుతుంది. మోటార్లకి మిగిలేది తూకం తప్పించే పని మాత్రమే.

మోటార్లు రెండూ సీటు వెనక, ఎడమ కుడి మూలల్లో ఉంటాయి. మోటారు తిరిగే కొసకి 4 సెంటీమీటర్ల క్రాంకు, దానికి పైకీ కిందకీ కదిలే రాడ్డు. రాడ్డు పైకొస సీటు ఫ్రేముకి, జాయింటుకి 40 సెంటీమీటర్ల వెనక. రెండు రాడ్లూ కలిసి లేస్తే సీటు ముందుకు వంగుతుంది... బ్రేకు! రెండూ కలిసి దిగితే వెనక్కి వాలుతుంది... యాక్సిలరేటర్! ఒకటి లేచి ఒకటి దిగితే పక్కకు వాలుతుంది... మలుపు! బస్సు ఎడమకి తిరిగితే మన ఒళ్లు కుడికి తూలుతుంది కాబట్టి సీటు కుడికి వాలాలి. కోడులో ఇదంతా రెండే లైన్లు. ఎడమ మోటారుకి రెండు కదలికల మొత్తం, కుడి మోటారుకి వాటి తేడా.

వైపర్ మోటారుకి ఇంకో సుగుణం ఉంది. అందులో వార్మ్ గేరు ఉంటుంది. మోటారు గేరును తిప్పగలదు గానీ, బయట నుంచి తోసి గేరుతో మోటారును తిప్పడం దాదాపు కుదరదు. అంటే కరెంటు పోయినా సీటు దభీమని పడిపోదు, ఉన్నచోటే బిగుసుకుపోతుంది.

ఒక మెలిక కూడా ఉంది. కొన్ని వైపర్ మోటార్లలో నెగటివ్ వైరు మోటారు బాడీకే కలిపి ఉంటుంది. కార్లో బాడీయే ఎర్త్ కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. మనం మాత్రం దిశ మార్చడానికి ప్లస్‌నీ మైనస్‌నీ తారుమారు చేస్తుంటాం. అలాంటి మోటార్లు రెండింటిని ఒకే ఇనప ఫ్రేముకి బిగిస్తే షార్టే. అందుకే కొట్లోనే మల్టీమీటర్ పెట్టి చూసి, బాడీకి వైరు తగలని మోటార్లు ఏరుకున్నాం. అలాంటివి దొరక్కపోతే నైలాన్ బుష్‌లు, రబ్బరు ప్యాడ్లు వేసి ఫ్రేము నుంచి విడదీయాలి.

పీఐడీ అంటే... రైట్ రైట్, హోల్డాన్!

ఇప్పుడు మెదడు సంగతి. ఆర్డుయినో ఊనోలో ర్యామ్ 2 కేబీ, వేగం 16 మెగాహెర్ట్జ్. మీ చేతిలో ఫోన్ ముందు అది లెక్కలోకే రాదు. కానీ ఫోన్ వంద పనుల మధ్యలో మన పని చూస్తుంది. ఊనో ఒక్కటే పని, చెప్పిన టైముకి చేస్తుంది. మా సీటులో సెకనుకు వెయ్యిసార్లు ‘రాడ్డు ఎక్కడుంది, ఎక్కడుండాలి?’ అని చూసుకోవడమే దాని ఉద్యోగం.

ఎక్కడుందో చెప్పేది పొటెన్షియోమీటర్. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పే నాబ్ వెనక ఉండేది అదే. క్రాంకుతోపాటు అదీ తిరుగుతుంది. తిరిగినదాన్ని బట్టి 0 నుంచి 5 వోల్టుల మధ్య ఏదో ఒకటి ఇస్తుంది. ఊనో దాన్ని 0 నుంచి 1023 వరకు ఒక అంకెగా చదువుకుంటుంది. 512 అంటే నడిమధ్య.

ఎక్కడుండాలో చెప్పేది గేము. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 లాంటి కంప్యూటర్ గేములు లారీ ఎంత బలంగా ఆగుతోంది, ఎటు తూలుతోంది అనే లెక్కల్ని బయటి ప్రోగ్రాములకు ఇస్తాయి. దీన్ని టెలిమెట్రీ అంటారు. చిన్న ప్రోగ్రాము ఆ లెక్కల్ని యూఎస్‌బీ వైరు మీదుగా ఊనోకి పంపుతుంది. ఊనో నేరుగా మోటారును తిప్పలేదు. దాని కాళ్ల నుంచి వచ్చేది చిటికెడు కరెంటు. మధ్యలో బీటీఎస్ 7960 చిప్పులున్న మోటారు డ్రైవర్ బోర్డు, మోటారుకి ఒకటి చొప్పున ఉండాలి.

ఇక రాడ్డును ఆ చోటికి చేర్చే లెక్కే పీఐడీ. ఇంజినీరింగ్‌లో దీన్ని సూత్రాలతో చెప్పి భయపెడతారు గానీ, బస్టాండుకెళ్తే కళ్లకి కడుతుంది. డ్రైవరు బస్సును రివర్స్‌లో ప్లాట్‌ఫాంకి పెడుతున్నాడు. కండక్టరు వెనక నిలబడి చెబుతున్నాడు. ఇంకా చాలా దూరం ఉంటే ‘రైట్ రైట్ రైట్’ అని జోరుగా అంటాడు. దగ్గరపడితే ‘రైట్... రైట్...’ అని నెమ్మదిస్తాడు. ఎంత దూరం ఉంటే అంత జోరు... ఇది ‘పీ’. బస్సు మరీ వేగంగా వస్తుంటే, దూరం ఉన్నా సరే ముందే ‘హోల్డాన్’ అని అరుస్తాడు. వచ్చే వేగాన్ని చూసి పగ్గం వేయడం... ఇది ‘డీ’. జానెడు దూరంలో ఆగిపోయి కదలకపోతే ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అని విసుగు లేకుండా తోస్తూనే ఉంటాడు. మిగిలిపోయిన కొసరును కూడబెట్టి పూర్తిచేయడం... ఇది ‘ఐ’.

‘పీ’ ఎక్కువైతే సీటు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. ‘డీ’ ఎక్కువైతే మోటారు గీపెడుతుంది. ‘ఐ’ ఎక్కువైతే గమ్యం దాటిపోయి వెనక్కొస్తుంది. పెంచుకోవాల్సింది కూడా ఇదే వరసలో. ముందు ‘పీ’, వణుకు మొదలయ్యే చోట కాస్త తగ్గించి ‘డీ’, చివర్లో చిటికెడు ‘ఐ’. మా సీటుకి ఈ మూడూ కుదరడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది.

ముందు బియ్యం బస్తాలు కూర్చున్నాయి

సీటు కదలడం మొదలయ్యాక తమ్ముడు ఆగలేదు. ‘‘అక్కా, ఒక్కసారి కూర్చుంటానే’’ అని ఒకటే గొడవ. బాబాయి ఒప్పుకోలేదు. ‘‘బండికి ముందు బ్రేకు చూడాలమ్మా, ఆ తర్వాతే ఇంజిను. ఇది ఆగుతుందో లేదో చూశావా?’’ అని అడిగారు.

సరే, చూద్దామని 25 కిలోల బియ్యం బస్తాలు రెండు సీటుకి తాడుతో కట్టాం. గేము ఆన్ చేశాం. సీటు బుద్ధిగా ఊగుతోంది. అప్పుడు కావాలనే ఎడమ పొటెన్షియోమీటర్ మధ్య వైరు పీకేశాను. నిజంగా రేపు అది ఊడితే ఏమవుతుందో తెలియాలి కదా!

వైరు లేకపోయేసరికి ఊనో గాల్లోంచి ఏదో అంకె చదివింది. రాడ్డు ఎక్కడో కింద ఉండిపోయిందనుకుని దాన్ని లేపడానికి మోటారుకి పూర్తి జోరు ఇచ్చింది. అది నిజంగా ఎంత లేచినా ఊనోకి తెలియదు. వైపర్ మోటారు ఎక్కడా ఆగకుండా గుండ్రంగా తిరిగే రకం. బస్తాలు ఒక పక్కకి ఒరిగాయి. క్రాంకు వెళ్లి బాబాయి వెల్డింగ్ చేసిన ఇనప అడ్డును ఠంగుమని కొట్టింది. కరెంటు పెరిగి ఫ్యూజు పోయింది. మొత్తం కలిపి కొన్ని సెకన్లే. వరండాలో ఎవరూ మాట్లాడలేదు. తమ్ముడు ఆ తర్వాత రెండు రోజులు సీటు ఊసెత్తలేదు.

ఆ చప్పుడు విన్నాక నాకు అర్థమైంది ఒకటే. మోటారును కదిలించే కోడు ఎవరైనా ఒక పూటలో రాస్తారు. సిమ్యులేటర్ అంటే అసలు పని, ఏది చెడినా అది ఆగేలా చేయడం. ఆ వారమంతా మేం చేసింది ఆ పనే.

• ఊడిన వైరును గుర్తుపట్టడం: పొటెన్షియోమీటర్ మధ్య వైరుకీ గ్రౌండుకీ మధ్య 100 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టాం. వైరు ఊడితే అంకె గాల్లో తేలకుండా నేరుగా సున్నాకి పడుతుంది. 20 కన్నా తక్కువ, 1000 కన్నా ఎక్కువ ఏది వచ్చినా కోడు వెంటనే మోటారు ఆపేస్తుంది.

• ఎర్ర బటన్: కూర్చున్నవాళ్ల చేతికి అందేలా పెద్ద ఎమర్జెన్సీ స్విచ్. అది ఊనోకి ‘ఆపు’ అని కబురు పంపడం కాదు, మోటార్లకి వెళ్లే 12 వోల్టుల లైన్‌నే తెంపుతుంది. కోడు హ్యాంగ్ అయినా బటన్ పనిచేయాలి.

• ఇనప అడ్డు: క్రాంకు హద్దు దాటకుండా రెండు వైపులా వెల్డింగ్ చేసిన ముక్కలు. సాఫ్ట్‌వేర్ మర్చిపోతుంది, ఇనుము మర్చిపోదు.

• ఫ్యూజులు: మోటారుకి ఒకటి చొప్పున 15 ఆంపియర్లు. మోటారు ఎక్కడైనా పట్టేస్తే కరెంటు 20 దాటేస్తుంది.

• కబురు ఆగితే మధ్యకి: కంప్యూటర్ నుంచి అర సెకను పాటు ఏ లెక్కా రాకపోతే సీటు నెమ్మదిగా నడిమధ్యకి వచ్చి ఆగిపోతుంది.

• ఆన్ చేసిన వెంటనే ఎగరకూడదు: ఊనో మేల్కొనేలోపు డ్రైవర్ బోర్డులు ఆఫ్‌లోనే ఉండేలా వాటి ఎనేబుల్ పిన్నులకీ రెసిస్టర్లు పెట్టాం. ఆ తర్వాత సీటు మూడు సెకన్లు తీసుకుని మెల్లగా మధ్యకి వస్తుంది.

• రేకు మూత: క్రాంకులు, రాడ్లు కనబడకుండా చుట్టూ రేకు. బైకు చక్రంలో చున్నీ చిక్కుకుంటే ఏమవుతుందో మనకి చెప్పక్కర్లేదు. ఇదీ అంతే. చున్నీ, విడిచిన జుట్టు, చిన్నపిల్లల వేళ్లు... వీటికి అందే ఎత్తులో తిరిగేదేదీ బయటికి ఉండకూడదు. ఇది మా అమ్మ పెట్టిన షరతు.

అన్నీ అయ్యాక మళ్లీ బస్తాలు కట్టి, మళ్లీ వైరు పీకాం. సీటు అక్కడే ఆగిపోయింది. యూఎస్‌బీ పీకాం. మెల్లగా మధ్యకొచ్చింది. ఆడుతుండగా కంప్యూటర్ ఆఫ్ చేశాం. మళ్లీ మధ్యకే. ఇలా ఇరవైసార్లు. ఆ తర్వాతే బస్తాలు దిగి మనుషులు ఎక్కారు. మొదట నేను, తర్వాత తమ్ముడు.

ఫోను చూసిన నల్లమల

మీ ఫోనులో యాక్సెలరోమీటర్ ఉంటుంది. తెర అడ్డం తిప్పితే వీడియో అడ్డంగా మారేది దాని వల్లే. అది దాదాపుగా మన లోపలి చెవి చేసే పనే చేస్తుంది. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు ఇచ్చే ‘ఫైఫాక్స్’ అనే ఉచిత యాప్‌తో ఆ లెక్కలన్నీ రికార్డు చేసుకుని ఫైలుగా తీసుకోవచ్చు.

నేను శ్రీశైలం బస్సెక్కి, ఫోనును సీటు దగ్గర నేలకి టేపుతో అతికించాను. దోర్నాల దాటాక నల్లమల ఘాట్ మొదలవుతుంది. అక్కడి మలుపుల్లో పక్కకు లాగే బలం చూస్తే భూమ్యాకర్షణలో ఐదో వంతు దాకా వచ్చింది. లెక్కకీ సరిపోతుంది. 30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తిరిగితే దాదాపు అంతే వస్తుంది. మా సీటు ఇవ్వగలిగేది పదో వంతు. అంటే నల్లమలను సగానికి కుదిస్తే సీటులో పడుతుంది. ఇంటికొచ్చి ఆ ఫైలును సెకనుకు యాభై అంకెల చొప్పున ఊనోకి పంపితే... వరండాలో ఘాట్‌రోడ్డు!

డ్యూటీ దిగొచ్చిన నాన్నని కూర్చోబెట్టాం. కళ్లు మూసుకున్నారు. మలుపులకి తల ఊపారు. బస్సు ఆగే చోట మాత్రం కళ్లు తెరిచి, ‘‘ఆగేటప్పుడు చివర్లో వెనక్కి తన్నాలే! అది రాలేదు’’ అన్నారు.

గ్రాఫ్ తీసి చూశాను. ఆ తన్ను అందులో ఉంది. బ్రేకు పట్టినంతసేపూ బలం ఒకేలా ఉండి, చక్రాలు ఆగిన క్షణంలో ఒక్కసారిగా సున్నాకి పడిపోయింది. ముందుకు వంగి బిగబట్టుకున్న ఒళ్లు అప్పుడే వెనక్కి పడుతుంది. ఇంజిను అదురు సీటులో తెలియకుండా ఉండటానికి అంకెలన్నీ ఒక ఫిల్టర్ గుండా పంపుతాం. సెకనుకు రెండుసార్ల కన్నా వేగంగా మారేవన్నీ అందులో వడపోతకి పోతాయి. అదురుతోపాటు ఆ తన్నూ పోయింది. ఆ హద్దును రెండు నుంచి ఐదుకి పెంచాం. సీటు కాస్త గరుకుగా మారింది. కానీ బస్సు ఆగే చోట నాన్న వీపు సీటుకి తగిలింది. ‘‘ఆఁ... ఇప్పుడు ఆగింది’’ అన్నారు.

అప్పుడే నాన్న ఓ మాట చెప్పారు. బస్సులో నిలబడ్డ ముసలివాళ్లు పడేది బ్రేకు కొట్టినప్పుడు కాదట. అప్పటికే కడ్డీ పట్టుకుని ఉంటారు. ఆగాక వచ్చే ఆ తన్నుకి పడతారట. మంచి డ్రైవరు బండి ఆగడానికి అర క్షణం ముందు పెడల్ మీద కాలు కొంచెం తేలిక చేస్తాడు. అప్పుడు తన్ను రాదు. ఇది బడిలో చెప్పేది కాదు, కింద సీటు నేర్పేది. ఇప్పుడు తమ్ముడు గేములో పోటీ మార్చేశాడు. ఎంత వేగంగా వెళ్లామని కాదు, సీటు తన్నకుండా ఎన్నిసార్లు ఆపామని. డ్రైవింగ్ సీటులో ఎప్పుడూ కూర్చోని వాడి కాలికి ఈ సంగతి తెలిసిందంటే, అది చాలు నాకు.

కడుపులో తిప్పితే?

సీటు కదలిక తెరమీద బొమ్మ కన్నా ఆలస్యమైతే కన్నూ చెవీ చెరో మాట చెబుతాయి. అప్పుడే వికారం మొదలవుతుంది. గేములో ఒక ఫ్రేముకి దాదాపు 17 మిల్లీసెకన్లు పడుతుంది. యూఎస్‌బీకి ఒకటి రెండు, ఊనోకి ఒకటి. మిగతా ఆలస్యమంతా మోటారు, రాడ్లదే. జాయింట్లలో లూజు ఉంటే అది ఇంకా పెరుగుతుంది. కాబట్టి కోడు కన్నా ముందు నట్లు బిగించండి. మొదటి రోజు పది నిమిషాలు మించొద్దు. తల తిరిగితే వెంటనే దిగిపోవాలి. నడుము నొప్పి, మెడ నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు, చిన్నపిల్లలు దీనికి దూరం.

ఎంతైంది?

మాకు అయిన లెక్క ఇది. ఊరిని బట్టి, బేరాన్ని బట్టి మారుతుంది.

వైపర్ మోటార్లు రెండు: రూ. 1,800
మోటారు డ్రైవర్ బోర్డులు రెండు: రూ. 1,200
ఆర్డుయినో ఊనో లాంటి బోర్డు: రూ. 550
పొటెన్షియోమీటర్లు రెండు: రూ. 300
12 వోల్టుల, 30 ఆంపియర్ల పవర్ సప్లై: రూ. 1,600
పాత కారు సీటు: రూ. 1,500
ఇనప పైపులు, వెల్డింగ్: రూ. 3,200
రాడ్డు చివరి బాల్ జాయింట్లు నాలుగు: రూ. 800
క్రాస్ జాయింటు: రూ. 600
ఎమర్జెన్సీ స్విచ్, ఫ్యూజులు, వైర్లు, రేకు: రూ. 1,450
మొత్తం: రూ. 13,000

కంప్యూటర్ ఇంట్లో ఉన్నదే. స్టీరింగు, పెడళ్లు స్నేహితురాలి దగ్గర అప్పు. ఒక్క మాట... పవర్ సప్లైకి 230 వోల్టుల కరెంటు వస్తుంది. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే వాడండి. స్క్రూల మీద మూత లేకుండా వదలొద్దు. ఈ పనికి తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే పోయేదేం లేదు.

మీరూ మొదలెడతారా?

అయితే సీటు కొనకండి. ఒక చిన్న మోటారు, ఒక పొటెన్షియోమీటర్, ఒక డ్రైవర్ బోర్డు, ఊనో... ఇవి చాలు. మోటారు కొసకి ఓ పుల్ల కట్టి, దాన్ని చెప్పిన చోట నిలబెట్టడం నేర్చుకోండి. వేలితో తోస్తే తిరిగి తన చోటికి రావాలి, వణకకూడదు. అది వచ్చిందంటే పీఐడీ వచ్చినట్టే. ఈ ఒక్క విద్య చాలాచోట్ల పనికొస్తుంది. లిఫ్టు, డ్రోను, రోబో చెయ్యి, త్రీడీ ప్రింటర్... అన్నింటిలోనూ ‘ఎక్కడుంది, ఎక్కడుండాలి’ అనే ప్రశ్నే. హైదరాబాద్‌లోని జెన్ టెక్నాలజీస్ లాంటి కంపెనీలు శిక్షణ సిమ్యులేటర్ల తయారీలోనే ఉన్నాయి. ఇంట్లో వెల్డింగ్, యంత్రాల వసతి లేనివాళ్ల కోసం రాయదుర్గంలో 2023లో మొదలైన టీ-వర్క్స్ లాంటి చోట్లున్నాయి.

పుల్ల నిలబడ్డాక ఇంకో పరీక్ష ఉంది. అది కదులుతుండగా వైర్లు ఒక్కొక్కటే పీకండి. ప్రతిసారీ అది దానంతటదే ఆగితే, అప్పుడు ఆటోనగర్ వెళ్లి సీటు బేరమాడండి. ఆగకపోతే ఇంకా పుల్ల దగ్గరే ఉండండి. తొందరేం లేదు, సీట్లు ఎక్కడికీ పోవు.